మొదటి తరము ఫోర్డ్ మస్టాంగ్ ఇంజన్లు, కార్బురేటర్లు

ఫోర్డ్ మస్టాంగ్ అనునది అమెరికాకు చెందిన ఫోర్డ్ మోటార్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆవిష్కరించిన కారు. 1965, 1966 నమూనాలలో ఈ కారు ఆరు సిలిండర్ల ఇంజన్లతోను, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్లతోను లభించెడిది. పాత మస్టాంగును పునరుద్ధరించువారికి ఏ ఇంజను ఉంచవలెను, దానిపై ఏ కార్బురేటరు అమర్చవలెను అనునది ముఖ్యమైన ప్రశ్న. పెద్ద కార్బురేటరు అమర్చినంత మాత్రమున కారు శక్తి పెరుగదు. ఇంజను, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, బ్రేకులు ఒకదానికొకటి సరిపోవునట్లు ఉండవలెను.

ఇంజన్ల రకములు

1964 ఆగష్టునకు ముందు తయారైన కార్లలో 170 ఘనపుటంగుళముల ఆరు సిలిండర్ల ఇంజను (101 అశ్వశక్తి), 260 ఘనపుటంగుళముల వి8 (164 అశ్వశక్తి), 289 ఘనపుటంగుళముల వి8 (210 అశ్వశక్తి) ముఖ్యమైనవి. ఆ తరువాత 1966 వరకు ఈ క్రింది ఇంజన్లు లభించినవి. కారు గుర్తింపు సంఖ్యలోని ఐదవ అక్షరము ఇంజను రకమును తెలుపును.

* టి: 200 ఘనపుటంగుళములు (3.3 లీటర్లు), ఆరు సిలిండర్లు, ఒక బ్యారెల్ కార్బురేటరు, 120 అశ్వశక్తి.
* సి: 289 ఘనపుటంగుళములు (4.7 లీటర్లు), వి8, రెండు బ్యారెళ్ళ కార్బురేటరు, సంపీడన నిష్పత్తి 9.3, 200 అశ్వశక్తి.
* ఏ: అదే పరిమాణము, నాలుగు బ్యారెళ్ళు, సంపీడన నిష్పత్తి 10.0, 225 అశ్వశక్తి.
* కె: అదే పరిమాణము, నాలుగు బ్యారెళ్ళు, సంపీడన నిష్పత్తి 10.5, 271 అశ్వశక్తి.

ఇవన్నియు ఉపకరణములు లేకుండ ఇంజనును మాత్రమే పరీక్షించి లెక్కించిన స్థూల శక్తి విలువలు. 1972 నుండి అమెరికా కంపెనీలు ప్రకటించిన నికర శక్తితో వీటిని పోల్చరాదు.

కార్బురేటరు పరిమాణము

కార్బురేటరులో గాలి ప్రవహించు గొట్టమును బ్యారెల్ అందురు. అందులోని ఇరుకైన భాగము వెంచురి. గాలి వెంచురి గుండా వేగముగా పోవునపుడు అచ్చట పీడనము తగ్గి, ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు పైకి లాగబడి గాలిలో కలియును. నాలుగు బ్యారెళ్ళ కార్బురేటరులో సాధారణముగా రెండు మాత్రమే పనిచేయును. యాక్సిలరేటరును బాగుగా నొక్కినపుడు మిగిలిన రెండును తెరచుకొనును.

ఇంజనుకు కావలసిన గాలిని లెక్కించుట సులభము. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లలో తన పరిమాణమునకు సమానమైన గాలిని పీల్చును. 289 ఘనపుటంగుళముల ఇంజను నిమిషమునకు 5000 చుట్లు తిరిగినచో నిమిషమునకు 7,22,500 ఘనపుటంగుళములు, అనగా సుమారు 418 ఘనపుటడుగుల గాలి కావలెను. సిలిండర్లు 85 శాతము మాత్రమే నిండునని అనుకొన్నచో ఇది 355కు తగ్గును. ఏ రకము ఇంజనుపై ఫోర్డ్ అమర్చిన ఆటోలైట్ 4100 కార్బురేటరు సామర్థ్యము సుమారు 480 ఘనపుటడుగులు. కనుక సాధారణ ప్రయాణమునకు ఇదియే చాలును.

ఇంతకంటె చాల పెద్దది అమర్చినచో తక్కువ వేగములో వెంచురిలో గాలి వేగము తగ్గి, పెట్రోలు సరిగా లాగబడదు. యాక్సిలరేటరు నొక్కగానే ఇంజను తడబడును. కారోల్ షెల్బీ తయారుచేసిన జి.టి.350 కారులో 715 ఘనపుటడుగుల హోలీ కార్బురేటరు వాడిన మాట నిజమే. కాని ఆ 306 అశ్వశక్తి ఇంజను పందెముల కొరకు, అధిక చుట్లలో తిరుగుటకు సిద్ధపరచబడినది.

సి రకము ఇంజనుకు నాలుగు బ్యారెళ్ళ కార్బురేటరు అమర్చవలెనన్న ఇన్‌టేక్ మానిఫోల్డును కూడ మార్చవలెను. అప్పటికిని సంపీడన నిష్పత్తి మారదు గనుక అది పూర్తిగా ఏ రకమునకు సమానము కాదు.

ఆరు సిలిండర్ల ఇంజను ప్రత్యేకత

200 ఘనపుటంగుళముల ఇంజనులో ఇన్‌టేక్ మానిఫోల్డు సిలిండరు హెడ్‌తో కలిపి ఒకే పోతగా పోయబడినది. అందుచేత దానిని విప్పి వేరొకటి బిగించుటకు వీలులేదు. అంతేగాక ఇందలి లోడ్-ఓ-మాటిక్ డిస్ట్రిబ్యూటరులో టైమింగును ముందుకు జరుపు బరువులు లేవు. ఆ పని అంతయు కార్బురేటరు నుండి వచ్చు వాక్యూమ్ మీదనే ఆధారపడును. ఇందుకొరకు ఆటోలైట్ 1100 కార్బురేటరులో ఒక ప్రత్యేక వాల్వు కలదు. ఆ వాల్వు లేని కార్బురేటరును అమర్చినచో టైమింగు తప్పి, ఇంజను బలహీనపడును. కార్బురేటరు మార్చదలచినవారు డిస్ట్రిబ్యూటరును కూడ మార్చవలెను.

ఆరు సిలిండర్లకు బదులు వి8 అమర్చుట

ఈ మార్పు ఇంజనుతో ముగియదు. ఆరు సిలిండర్ల కార్లకు చక్రమునకు నాలుగు బోల్టులు, చిన్న బ్రేకు డ్రమ్ములు ఉండెడివి. వి8 కార్లకు ఐదు బోల్టులు, 10 అంగుళముల డ్రమ్ములు, బలమైన వెనుక ఇరుసు, గట్టి స్ప్రింగులు ఉండెడివి. శక్తిని పెంచి పాత బ్రేకులనే ఉంచుట ప్రమాదకరము.

నేటి పెట్రోలు

ఈ ఇంజన్లు సీసము కలిపిన పెట్రోలు కొరకు రూపొందించబడినవి. అమెరికాలో రోడ్డు వాహనములకు సీసము కలిపిన పెట్రోలు 1996 నుండి నిషేధించబడినది. అధిక భారముతో నడుపు ఇంజన్లలో వాల్వు సీట్లు అరుగకుండుటకు హెడ్ మరమ్మతు సమయమున గట్టిపరచిన సీట్లు అమర్చుదురు. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టములను, కార్బురేటరులోని పంపు డయాఫ్రమును పాడుచేయును. కావున వీటిని ఇథనాల్‌ను తట్టుకొను వాటితో మార్చవలెను. ఏ, కె రకములకు సంపీడన నిష్పత్తి ఎక్కువగుటచే ప్రీమియం పెట్రోలు అవసరము.

కె రకపు కార్లు అరుదైనవి, విలువైనవి. కనుక ఏ మార్పు చేయుటకైనను ముందు గుర్తింపు సంఖ్యను పరిశీలించుట, తీసివేసిన అసలు భాగములను భద్రపరచుట మంచిది.

ఇవి కూడా చూడండి

* కార్బురేటరు
* అంతర్దహన యంత్రము
* ఫోర్డ్ మోటార్ కంపెనీ