చిన్న ఇంట్లో పనికి చోటు

ఇంటి నుండే ఉద్యోగం చేయడం 2020 నాటి లాక్‌డౌన్‌తో మన పట్టణాలకు వచ్చిన కొత్త ఏర్పాటని చాలామంది భావిస్తారు. వాస్తవానికి హైదరాబాదు పాతబస్తీలో తరతరాలుగా ఎన్నో కుటుంబాలకు ఇల్లే పనిస్థలం. లాడ్ బజారులో మెరిసే లక్క గాజులు, పెళ్లి దుస్తులపై జరీ పని చిన్న చిన్న ఇళ్లలోనే, పొయ్యికి కాస్త దూరంలోనే తయారవుతూ వచ్చాయి. కార్‌చోబ్ చట్రం పగలంతా గదిని ఆక్రమిస్తుంది. రాత్రి దానిని గోడకు ఆనించి, అదే చోట పక్కలు పరచుకుంటారు.

నేడు అనేక ఇళ్లలో ఆ చట్రం స్థానంలో ల్యాప్‌టాప్ వచ్చింది. మెడికల్ కోడింగ్ చేసే కుమారుడు, ఆన్‌లైన్‌లో పిల్లలకు తజ్వీద్ నేర్పే కోడలు, దుకాణాల లెక్కలు రాసే తండ్రి ఒకే రెండు గదుల్లో సర్దుకుంటున్నారు. అయితే జరీ చట్రానికి లేని రెండు గుణాలు ల్యాప్‌టాప్‌కు ఉన్నాయి. దానికి కన్ను ఉంది, చెవి ఉంది. దాని గుండా పరాయివారు మన ఇంట్లోకి తొంగిచూడగలరు. అందువల్ల ఇంట్లో కార్యాలయం ఏర్పరచుకోవడమంటే బల్ల, కుర్చీ కొనడంతో ముగిసే విషయం కాదు. అది ఇంటివారి హక్కులకు సంబంధించిన విషయమని మేము భావిస్తున్నాము.

ఇరుకు ఇల్లు అవమానం కాదు

చోటు చాలదని నిరాశ చెందే సోదర సోదరీమణులు దైవప్రవక్త (సఅసం) గృహాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. మస్జిదె నబవీని ఆనుకుని ఉన్న ఆ గదుల పైకప్పు చేతికి అందేంత ఎత్తులో ఉండేదని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) తెలిపారు. రాత్రివేళ ఆయన (సఅసం) నమాజు చేస్తుండగా, ఎదురుగా పడుకుని ఉన్న హజ్రత్ ఆయిషా (రజి) సజ్దాకు చోటిచ్చేందుకు కాళ్లు ముడుచుకునేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆరాధన, విశ్రాంతి రెండూ అంత చిన్న గదిలో ఇమిడాయి. ఒకరికోసం ఒకరు కాస్త ముడుచుకోవడమే అందుకు కారణం.

కొలతలు, అమరిక

ఒకరి పనికి మూడడుగుల పొడవు, ఒకటిన్నర నుండి రెండడుగుల వెడల్పు గల బల్ల సరిపోతుంది. ఎత్తు 28 నుండి 30 అంగుళాలు ఉండాలి. తెర కంటికి చేతిచాపు దూరంలో ఉండి, దాని పై అంచు కంటి మట్టానికి రావాలి. అందుకోసం ల్యాప్‌టాప్ కింద చెక్కపెట్టె ఉంచి, విడిగా ఒక కీబోర్డు పెట్టుకోవాలి. ఎత్తు కోసం ధార్మిక గ్రంథాలను పేర్చడం తగదు. నేలపై కూర్చునే అలవాటున్నవారు పొట్టి బల్ల వాడవచ్చు. కానీ అరగంటకొకసారి లేచి నడవకపోతే నడుము, మోకాళ్లు మొరాయిస్తాయి.

చోటు బొత్తిగా లేనప్పుడు గోడకు బందులతో బిగించే మడత బల్ల మేలు. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం చేసే ముందు యజమాని అనుమతి తీసుకోవాలి. ఇంటివారు జానమాజు పరచుకునే చోటును మాత్రం బల్ల కోసం ఆక్రమించరాదు. వెలుతురు పక్కనుండి రావాలి. కిటికీ వీపు వెనుక ఉంటే తెరపై మెరుపు పడుతుంది. ఇస్త్రీ పెట్టె, హీటరు పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డుకే కంప్యూటరునూ తగిలించడం ప్రమాదకరం.

ఇక కెమెరా సంగతి. గోడకు వీపు ఆనించి కూర్చుంటే కెమెరాకు గోడ మాత్రమే కనిపిస్తుంది. మడత బల్ల వద్ద ముఖం గోడవైపు తిరిగి ఉంటుంది కనుక కెమెరా చూపు గదిమీద పడుతుంది. తలపై దుపట్టా లేకుండా వంట చేసుకునే తల్లి, నిద్రిస్తున్న చెల్లెలు తమకు తెలియకుండానే పరాయి తెరలపైకి ఎక్కుతారు. కుర్చీ వెనుక ఒక తీగ కట్టి పరదా వేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది.

అనుమతే గోడ

అన్‌నూర్ సూరా 27వ ఆయతు, ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా, సలాం చేయకుండా ప్రవేశించవద్దని ఆదేశిస్తుంది. అదే సూరా 58వ ఆయతు ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత ఇంట్లోని పిల్లలు సైతం అనుమతి కోరాలంటుంది. సొంత పిల్లలకే ఈ మర్యాద ఉన్నప్పుడు, వీడియో సమావేశానికి లేదా? కెమెరా తెరిచే ముందు ఇంటివారికి చెప్పడం, ఆ మూడు వేళల్లో సాధ్యమైనంతవరకు వీడియో లేకుండా చూసుకోవడం మన బాధ్యత.

అనుమతి రెండు వైపులా ఉండాలి. పనిచేసేవారి సమయం యాజమాన్యం అప్పగించిన అమానతు. తెరపైని ఖాతాదారుల వివరాలూ అమానతే. పరదా దించి ఉంటే పిల్లలు పిలవకూడదని, అత్యవసరమైతే మెల్లగా తట్టాలని ముందే నేర్పాలి. అమెరికా వేళల్లో రాత్రంతా పనిచేసేవారికి పగటి నిద్ర కూడా హక్కే.

ఈ హక్కు కొడుకుకు సులభంగా దొరుకుతుంది, కోడలికి దొరకదు. ఆయన తెర ముందు కూర్చుంటే ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె కూర్చుంటే, "ఇంట్లోనే ఉందిగా, కాస్త టీ పెట్టమను" అంటారు. చివరకు ఆమె విద్యార్థులను వదులుకుంటుంది, లేదా అందరూ పడుకున్నాక నిద్ర మానుకుని పాఠాలు సిద్ధం చేస్తుంది. హజ్రత్ జైనబ్ బింత్ జహష్ (రజి) స్వహస్తాలతో పనిచేసి, ఆ ఆదాయాన్ని దానం చేసేవారు. స్త్రీ సంపాదన ఆమె సొంతమని, కుటుంబ పోషణ భారం భర్తదేనని షరీఅత్ నిర్ణయించింది. ఆమె పనిని కాలక్షేపంగా చూడటం అన్యాయం. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆమె తరగతి జరిగే గంటసేపు టీ పెట్టడం, పసివాడిని ఎత్తుకోవడం ఇంట్లోని మగవారికి సున్నతును అనుసరించే అవకాశమే.

కనుక బల్ల కొనడానికి ముందు ఇంటివారంతా ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరి పని ఏ వేళ? నానమ్మ మంచం ఎక్కడ? పిల్లల చదువు ఎక్కడ? సమాధానాలను ఒక కాగితంపై రాసి గోడకు అంటించాలి. పని ముగిసే వేళనూ అందులో రాయాలి. ఆ వేళకు ల్యాప్‌టాప్ మూసి, బల్ల మడిచి, ఖాళీ అయిన చోట దస్తర్‌ఖాన్ పరచి అందరూ కలిసి భోంచేయాలి.