పట్టు చూసే కంటితోనే బూటూ చూడండి

ధర్మవరంలో పెళ్లిచీర కొనే ఇల్లాలిని ఎప్పుడైనా గమనించారా? మడత విప్పించి చీర తిరగేసి చూస్తుంది. జరీని గోటితో గీకుతుంది. కొంగు చివర వేలాడే పోగొకటి తెంపి అగ్గిపుల్ల అడుగుతుంది. కాలిన వెంట్రుక వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిందా, అది పట్టు. కరిగి పూసలా గట్టిపడిందా, ‘‘మాకొద్దులేప్పా’’ అని లేచి నిలబడుతుంది.

అదే ఇల్లాలు పెళ్లికొడుకు బూట్ల దగ్గరికొచ్చేసరికి పూర్తిగా వేరే మనిషి! పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా, గాజులూ పూలూ అన్నీ అయ్యాక, ‘‘అయ్యో, అబ్బాయికి బూట్లు’’ అని గుర్తొస్తుంది. బస్టాండు పక్క షాపులో పది నిమిషాల్లో పని అయిపోతుంది. నల్లగా ఉన్నాయా, తళతళలాడుతున్నాయా, తొమ్మిదో నంబరేనా, అంతే.

మన పెళ్లిలో బూట్లకున్న చోటు చిన్నదే. మంటపంలో ఎలాగూ వట్టికాళ్లే. కాశీయాత్ర తంతు ఉన్న ఇళ్లల్లో గొడుగుతో పాటు పాదరక్షలు కూడా బావమరిది ఇవ్వాలి. ఆ తర్వాత రిసెప్షన్‌లో రెండు గంటలు. ‘‘ఆ మాత్రానికి వేలు పోయాలా?’’ అని అడిగేవాళ్లది తప్పనలేం. కానీ అబ్బాయి జీవితంలో ఆ బూట్ల పని రిసెప్షన్‌తో ఆగదు. హిందూపురం నుంచి బెంగళూరు ఉద్యోగాలకి పోయే పిల్లలున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఇంటర్వ్యూల మాట ఇంటింటా వినిపిస్తోంది. ఇంటర్వ్యూ రోజున ఇస్త్రీ చొక్కా కింద ముందు నలిగి, పొట్టు రాలిన బూటు కనిపిస్తే ఆ పిల్లవాడి మొహమెలా ఉంటుందో తల్లికే తెలుస్తుంది. అందుకే పెళ్లికి కొనే జతని ఐదేళ్లు తొడిగే జతగా చూసి కొనాలి. పెళ్లే లేకపోయినా, మొదటి ఉద్యోగానికి కొన్నా లెక్క ఒకటే.

అగ్గిపుల్ల గీయలేం కదా!

షాపులో బూటు కాల్చి చూడలేం. కాల్చనక్కర్లేదు కూడా. పై తోలుని బొటనవేలితో నొక్కండి. మంచి లెదరైతే వేలి చుట్టూ సన్నని ముడతలు లేచి, వేలు తీయగానే సర్దుకుంటాయి. రెక్సిన్ బిర్రుగా లోపలికి గుంటపడి ఊరుకుంటుంది. తర్వాత అంచు చూడండి. నాలుక దగ్గరో, లేసు రంధ్రాల వెనకో తోలు కోసిన అంచు ఎక్కడో ఒకచోట బయటపడి ఉంటుంది. అక్కడ పీచు పీచుగా ఉంటే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర అంటించినట్టుంటే మీకే అర్థమైపోతుంది. వాసన మాత్రం నమ్మకండి, ఇప్పుడు వాసన కూడా పూసి అమ్ముతున్నారు.

‘జెన్యూన్ లెదర్’ అనే ముద్ర ఉంది కదా అంటారా? ముద్ర అబద్ధం కాకపోవచ్చు. చర్మాన్ని పొరలుగా చీల్చినప్పుడు పై పొర గట్టిది. కింది పొర మీద ప్లాస్టిక్ పూత దట్టంగా వేసినా అది లెదరే అంటారు. అద్దంలా మెరిసే బూట్లలో చాలావాటి సంగతి ఇదే. వేళ్లు వంగే చోట ఏడాది తిరక్కుండా ఆ పూత పగులుతుంది, దానికి ఏ పాలిషూ మందు కాదు. అందుకే మరీ మెరిసేవాటిని పక్కన పెట్టమని నా సలహా. మెరుపు మనం బ్రష్షుతో తెచ్చుకోవచ్చు.

అసలు మోసం అడుగున ఉంది. పెళ్లిబూట్లు అట్టపెట్టెలో పెట్టి బీరువా మీద దాస్తాం. మూడేళ్ల తర్వాత మరిది పెళ్లికి తీస్తే, నాలుగడుగులు వేసేలోగా సోలు చిమ్మిలి ముద్దలా విరిగి రాలుతుంది. ‘‘తొడగనే లేదే, ఎలా పాడైంది?’’ అని ఆశ్చర్యపోతారు. తొడగకపోవడం వల్లే మరీ త్వరగా పాడైంది! తేలిగ్గా, స్పాంజిలా ఉండే ఆ సోలు పాలీయురెథేన్. షాపువాళ్లు పీయూ అంటారు. గాల్లో తేమ తగిలి అది లోపల్లోపలే చివికిపోతుంది. దాచుకునే బూట్లకి రబ్బరు సోలు గానీ, టీపీఆర్ సోలు గానీ అడగండి. కాస్త బరువుంటాయి. ఆ బరువుకి భయపడొద్దు.

సోలు అతికించారా, కుట్టారా అన్నదీ చూడాలి. అంచు చుట్టూ దారం కనిపించగానే మురిసిపోకండి, అచ్చులోనే కుట్టుగీతలు పోసేవి ఉంటాయి. దారం పైనా ఉందా, బూటు తిరగేస్తే కిందా ఉందా చూడండి. అన్నిటికన్నా గట్టిది గుడ్‌ఇయర్ వెల్ట్ అనే పద్ధతి. పై తోలుకీ లోపలి అట్టకీ కలిపి ఒక తోలుపట్టీ కుడతారు, సోలుని ఆ పట్టీకి కుడతారు. సోలు అరిగితే పై తోలుని ముట్టుకోకుండా కొత్తది వేయొచ్చు. రబ్బరుని గట్టిపరిచే విద్య కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు 1870ల ప్రాంతంలో దీని యంత్రాన్ని వాడుకలోకి తెచ్చాడు. బాగుంది గానీ, ధర చాలాసార్లు ఐదు వేలు దాటుతుంది. వారానికి రెండు రోజులు తొడిగే మన పిల్లవాడికి అంత అవసరం లేదనే నేనంటాను. పైన మంచి తోలు, కింద రబ్బరు సోలు, చుట్టూ నిజమైన కుట్టు ఉంటే చాలు. అతికించినదే దొరికితే, సోలు రబ్బరుదైతే, కొత్తలోనే చెప్పులు కుట్టే అన్న దగ్గర చుట్టూ కుట్టు వేయించండి. అయ్యే ఖర్చు తక్కువ, పెరిగే ఆయుష్షు ఎక్కువ.

‘‘వాడితే సాగుతుంది లేక్కా’’

ఈ మాట వినని కొనుగోలుదారు ఉండరు. తోలు వెడల్పులో కాస్త సాగేది నిజమే, పొడవులో సాగదు. మన పాదాలకి వెడల్పే తిప్పలు. మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిపించింది. మనం వాడే బ్రిటిష్, అమెరికన్ కొలతలకన్నా భారతీయుల పాదాలు వెడల్పని తేలింది. వెడల్పు చాలక మనం ఒక నంబరు పెద్దది కొంటాం. మడమ జారుతుంది, బొబ్బలొస్తాయి. పల్లెలో చెప్పులతో, వట్టికాళ్లతో పెరిగిన అబ్బాయికైతే మరీను. అలాంటివాళ్లకి డెర్బీ రకం నప్పుతుంది. లేసు కట్టే రెండు రెక్కలూ పైన విడిగా ఉంటాయి, కావలసినంత వదులు చేసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ రకంలో ఆ రెక్కలు కింద మూసి కుట్టి ఉంటాయి. చూపుకి అందమే గానీ, ఎత్తు పాదానికి నొక్కేస్తుంది.

సాయంత్రం పూట, సాక్సు వేసుకుని, రెండు కాళ్లకీ తొడిగి నడిపించి కొనండి. పొద్దుటికన్నా సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. అబ్బాయి లేకుండా పాత చెప్పు పట్టుకెళ్లి కొలత చూపించే పద్ధతి మాత్రం మానేయండి!

లెక్క కూడా వేద్దాం. 800 రూపాయల రెక్సిన్ జత ఏడాదికొకటి చొప్పున ఐదేళ్లకి 4,000. అదే 2,500కి తోలు జత కొని, మధ్యలో ఒకసారి 500 పెట్టి సోలు మార్పించినా 3,000తో సరి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 లోపయితే జీఎస్టీ 5 శాతమే, దాటితే 18 శాతం. కాబట్టి 2,600 చెప్పిన చోట కాస్త బేరమాడి చూడండి.

హిందూపురంలో మీ నంబరు దొరక్కపోతే బెంగళూరు ఎలాగూ దగ్గరే. అక్కడ లిడ్కర్ పేరుతో కర్ణాటక ప్రభుత్వ తోలు సంస్థ దుకాణాలున్నాయి, ఓసారి చూడొచ్చు. మనవాళ్లు వైద్యానికి వేలూరు పోతుంటారు కదా, అక్కడి నుంచి బెంగళూరు దారిలోనే ఆంబూరు, వాణియంబాడి. విదేశాలకి బూట్లు పోయే ఊళ్లవి. ఎగుమతిలో మిగిలిన జతలు ఆంబూరులో చవగ్గా అమ్ముతారు. అయితే ఎడమా కుడీ ఒకే నంబరేనా, ఒకే రంగేనా వెలుగులో పెట్టి చూసుకోండి. మిగిలిన సరుకుని వెనక్కి తీసుకోమంటే తీసుకోరు.

ఇంటికి తెచ్చాక రెండు సాయంత్రాలు చాప మీదే తొడిగి తిరగమనండి. ఎక్కడైనా నొక్కితే బిల్లుతో మార్చుకునే వీలుంటుంది. మన అనంతపురం దుమ్ము ముడతల్లో చేరి తోలుని కోస్తుంది, పొడిగుడ్డతో తుడిచాకే పాలిష్ పెట్టాలి. వానకి తడిస్తే ఎండలో పెట్టకండి. లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టండి, ఈ పేజీ చదవడమయ్యాక ఇదైనా పనికొస్తుంది. ఒకరోజు తొడిగితే మర్నాడు వదిలేయాలి, చెమట ఆరాలి కదా. ఇక బీరువా మీదికి ఎక్కించిన పెళ్లిజత ఉంటే ఇవాళే దించి సోలు వంచి చూడండి. మరిది పెళ్లికి ఇంకా టైముంది.