తుమ్మెద వస్తేనే కాయ

పిల్లలూ, నీలగిరి, కొడగు కొండలకు వెళ్ళినవారు కోడిగుడ్డంత ఊదారంగు పండును చూసే వుంటారు. అదే పాషన్ ఫ్రూట్. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. బ్రెజిల్ వారు దీన్ని "మరకుజా" అంటారు.

అక్కడికి వెళ్ళిన స్పెయిన్ మతప్రచారకులకు ఈ పువ్వులో ఏసుక్రీస్తు పడిన బాధలు కనిపించినవి. నడుమనున్న కేసరాల వలయం ముళ్ళ కిరీటమట, మూడు కీలాగ్రాలు మేకులట, ఐదు పుప్పొడి తిత్తులు గాయాలట! ఆ బాధలనే ఇంగ్లీషులో "పాషన్" అంటారు. ఇదే జాతి పువ్వును మనవారు కృష్ణకమలమన్నారు. వారికి ఆ కేసరాలు నూరుగురు కౌరవులు, ఆ తిత్తులు పాండవులు. కేసరాలు సరిగ్గా నూరే వుండాలని లేదు లెండి!

పసుపుపండ్ల రకం వున్నదే, దాని పువ్వు మధ్యాహ్నం విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. దాని పుప్పొడి దానికే పనికిరాదు, వేరే తీగ పుప్పొడి అంటాలి. తేనెటీగ చిన్నది; పుప్పొడి ఎత్తుకుపోతుందే గాని, దాని వీపు కీలాగ్రానికి అందదు. కొయ్య తొలిచి కాపురముండే పెద్ద తుమ్మెదకే అది సాధ్యం. తుమ్మెదలు చాలని తోటల్లో బ్రెజిల్ రైతులు పువ్వు పువ్వుకూ చేతివేళ్ళతో పుప్పొడి అద్దుతారు. ఆ కొద్ది గంటలూ దాటితే ఆ పువ్వు ఇక కాయదు.

పండినది తానే రాలుతుంది. తోలు ముడుతలు పడ్డదే తీపి. కోసి, గింజలతో సహా చెంచాతో తినవచ్చు. పులుపూ తీపీ కలిసి ఘుమఘుమలాడుతుంది. వడకట్టి పంచదార కలిపితే మంచి షరబత్తు. సి విటమిన్, పీచు కూడా వున్నవి. దీని చుట్టమైన ఒక ఉత్తర అమెరికా తీగ ఆకును నిద్రకోసం కషాయం కాస్తారు గాని, దాని గుణం ఇంకా గట్టిగా రుజువు కాలేదు.

మన చేలగట్లపై పాకే తెల్లజుమికి కూడా ఈ కుటుంబానిదే. వల వంటి తొడుగులో చిన్నకాయ దాగివుంటుంది. దాని పచ్చికాయలను మాత్రం నోట పెట్టకండి. వాటిలో సయనైడు పుట్టించే పదార్థం వున్నది.