గేరు వేస్తే గర్ర్‌మంటోందా? జీతంలో కోత పడకముందే ఇవి చూసుకోండి

అల్ ఖువైర్‌లో కంపెనీ వ్యాన్లు, పికప్‌లు నడిపే మన తెలుగు డ్రైవర్లు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, గేర్‌బాక్స్ పోయింది. రిపేరు డబ్బులు నా జీతంలో పట్టుకుంటామంటున్నారు. ఏం చేయాలి?"

గేర్‌బాక్స్ సాధారణంగా ఒక్క రోజులో పోదు. ముందు చప్పుడు చేసి చెబుతుంది. ఆ చప్పుడు ఎక్కడిదో తెలుసుకుని, విన్న రోజే కంపెనీకి రాసి పెడితే బండీ బాగుంటుంది, మీ జీతమూ నిలుస్తుంది. ఇక్కడ చెప్పేదంతా మాన్యువల్ గేర్ల బండ్ల గురించే.

చప్పుడు ఎందుకొస్తుంది?

క్లచ్ తొక్కితే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య లంకె తెగుతుంది. అప్పుడు లోపల వేరు వేరు వేగాల్లో తిరిగే భాగాలను సింక్రో రింగ్ ఒకే వేగానికి తెస్తుంది. గేరు మెత్తగా పడుతుంది. లంకె పూర్తిగా తెగకపోయినా, రింగు అరిగిపోయినా పళ్లకు పళ్లు రాసుకుంటాయి. ఆ రాపిడే మీరు వినే గర్ర్.

మీరే చేసుకోగల పరీక్షలు

1. అన్ని గేర్లలో వస్తోందా, ఒక్కదాంట్లోనేనా? అన్నింట్లో వస్తే ముందు క్లచ్‌ను అనుమానించండి. రెండో గేరులోనో, మూడో గేరులోనో మాత్రమే వస్తే ఆ గేరు సింక్రో రింగ్ అరిగి ఉండొచ్చు.

2. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, స్టార్ట్ చేశాక పడనంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట.

3. చదునైన చోట, వెనక ఎవరూ లేకుండా చూసుకుని హ్యాండ్ బ్రేక్ వేయండి. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్ర్‌మంటే తప్పు క్లచ్‌దే అయి ఉండొచ్చు. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రో రింగ్ ఉండదు. అందుకే ఆగకుండా రివర్స్ వేసేస్తే మంచి బండి కూడా అరుస్తుంది.

4. గేరు మార్చకుండానే, క్లచ్ తొక్కగానే చప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగ్ చూడమనండి. న్యూట్రల్‌లో చప్పుడు వస్తూ క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ చూడాలి.

రిపేరు చిన్నదాంతో మొదలుపెట్టండి

ముందు క్లచ్ పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందేమో చూడండి. పెడల్ పూర్తిగా కిందికి పోకపోతే గేరు అరుస్తుంది. తర్వాత క్లచ్ ఆయిల్ మట్టం చూడండి. తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే. నింపి ఊరుకోవద్దు, లీకు ఆపించి గాలి తీయించాలి. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సర్దించాలి.

ఆపైన గేర్ ఆయిల్. తక్కువైనా, రకం తప్పినా చప్పుడొస్తుంది. బండి పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 పోయనివ్వకండి. దాంట్లోని కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులకు పడవు. పాత ఆయిల్ దించేటప్పుడు దగ్గరుండి చూడండి. మెత్తటి పొడి కొద్దిగా ఉంటే మామూలే. ఇనుప ముక్కలు వస్తే లోపల పళ్లు పోతున్నాయన్నమాట.

ఇవన్నీ బాగున్నాకే గేర్‌బాక్స్ దించే మాట. ఎలాగూ దించాక క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూడమనండి. మళ్లీ దించే కూలీ మిగులుతుంది.

రిపేరు అయ్యేదాకా గేరును బలవంతంగా నెట్టకండి. క్లచ్ మీద కాలు ఆనించి నడపకండి. గేరు సరిగ్గా పడని బండితో బౌషర్–అమెరాత్ కొండ దారి ఎక్కొద్దు. ఆ దిగుడులో చిన్న గేరు పడకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణం సంగతి.

రాత లేకపోతే మాట నిలవదు

బండి చేతికిచ్చిన రోజే కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీసుకోండి. క్లచ్, గేర్లు ఎలా ఉన్నాయో రాసి సూపర్‌వైజర్‌కు వాట్సాప్ చేయండి. చప్పుడు మొదలైన రోజు చిన్న వీడియో తీసి, తేదీ, రీడింగ్‌తో పంపండి. "ఏం కాదు, నడుపు" అని ఆయన నోటితో అంటే, "మీరు నడపమన్నారు కాబట్టి నడుపుతున్నాను" అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. గ్యారేజీ బిల్లు కూడా ఫోటో తీసి పెట్టుకోండి. ఫోన్ పోతే అన్నీ పోతాయి, ఇంట్లోవాళ్లకు ఒక కాపీ పంపండి.

క్లచ్ ప్లేటు, సింక్రో రింగ్ వాడకంతో అరిగే వస్తువులు. పాత బండిలో అవి అరగడం వేరు, డ్రైవర్ తప్పుతో పాడవడం వేరు. కోత పెడతామంటే, "నా తప్పు ఏమిటో గ్యారేజీ రిపోర్టుతో చూపించండి" అని రాతపూర్వకంగా అడగండి. చదవలేని అరబీ కాగితం మీద సంతకం చేయకండి. ఫోటో తీసి, అరబీ తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే మాట్లాడండి.

ఒమన్‌లో ఇప్పుడున్న కార్మిక చట్టం 2023లో 53వ నంబరు రాజ శాసనంతో వచ్చింది. జీతం గొడవ అర్బాబ్ దగ్గర తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ రాజీ కుదరకపోతే కేసు కోర్టుకు వెళ్తుంది. జీతం బ్యాంకులో పడుతుంది కాబట్టి, కోత పడిన నెల స్టేట్‌మెంట్ మీకు సాక్ష్యం. భారత రాయబార కార్యాలయం అల్ ఖువైర్ డిప్లొమాటిక్ ఏరియాలోనే ఉంది. అక్కడికి వెళ్లలేనివాళ్లు భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే: "ఎప్పుడు చెప్పావు, రుజువేది?" జవాబు మీ ఫోన్‌లో ఉండాలి. రేపు పొద్దున బండి తీసేటప్పుడు ఒక్కసారి చెవిపెట్టి వినండి. తేడా అనిపిస్తే తాళం తిప్పి ఆపి, ముందు మెసేజ్ పెట్టండి.