బండిని మోసేది గాలే

టైరులో గాలి గురించి తరతరాలుగా చెప్పుకొంటున్న మాటల్లో కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి. అన్నిటికీ మూలం మొదటి అపోహే.

అపోహ: బరువు మోసేది రబ్బరు. గాలి కుదుపులు తగ్గించడానికే.

వాస్తవం: గాలి పోయిన టైరు నేలకు అతుక్కుపోవడం అందరూ చూసిందే. రబ్బరూ, అందులోని దారాల అల్లికా గాలిని బిగించి పట్టుకుంటాయి. బరువంతా ఆ గాలి ఒత్తిడి మీదే. 1,200 కిలోల కారులో ఒక్కో చక్రం మీద పడేది సుమారు 300 కిలోలు. టైరులో గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ అనుకుందాం; అంటే చదరపు సెంటీమీటరుకు రమారమి 2.1 కిలోలు. ఆ లెక్కన టైరు నేలకు ఆనే చోటు 140 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్లతో సహా మన అరచేయంత! బ్రేకు పట్టేదీ, మలుపులో జారకుండా కాచేదీ ఆ నాలుగు అరచేతులే.

అపోహ: ఘన రబ్బరు టైర్లు వేస్తే పంక్చర్ల బాధే ఉండదు.

వాస్తవం: ఒకప్పుడు ఉన్నవి అవే. గాలి టైరుకు స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా అది మరుగున పడింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును మళ్లీ తయారుచేశాడు. పంక్చర్ల బాధ లేకపోయినా, దారిలో రాయి తగిలితే ఘన టైరు బండినే పైకి లేపుతుంది. గాలి టైరు అక్కడికక్కడ లోపలికి నొక్కుకుని సాగిపోతుంది. మన పల్లెల్లో ఇనుప పట్టా చక్రాలు పోయి టైరు బండ్లు వచ్చాక అదే జత ఎడ్లు ఎక్కువ బరువు లాగగలిగాయి. నెమ్మదిగా నడిచే గోదాముల ఫోర్క్‌లిఫ్ట్‌లకు మాత్రం ఘన టైర్లు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: ఎండాకాలంలో గాలి తగ్గించి కొట్టించాలి, లేకపోతే టైరు పేలుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. వేడికి ఒత్తిడి పెరుగుతుంది, నిజమే; 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ. ఆ ఒత్తిడిని తట్టుకునేలాగే టైరును చేస్తారు. తట్టుకోలేనిది గాలి తక్కువవడాన్ని. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం నిమిషానికి దాదాపు 700 సార్లు తిరుగుతుంది. గాలి చాలకపోతే తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం ఎక్కువగా మడతపడి లేస్తుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. వేసవిలో హైవేల మీద టైర్లు పేలడానికి ఇదొక ముఖ్య కారణం.

అపోహ: టైరు మీద అచ్చువేసిన అంకె ఎంతుంటే అంత కొట్టించాలి.

వాస్తవం: అది గరిష్ఠ పరిమితి. మీ కారుకు ఎంత కావాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. అదీ చల్లారిన టైరుకు చెప్పిన లెక్క.

అపోహ: నైట్రోజన్ నింపితే మామూలు గాలి కలపకూడదు.

వాస్తవం: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. విమానాల టైర్లలో నైట్రోజన్ నింపేది తేమ, నిప్పు ప్రమాదం లేకుండా ఉండటానికి. దారిలో గాలి తగ్గితే నిశ్చింతగా మామూలు గాలే కొట్టించుకోవచ్చు.