మతేరా

మతేరా దక్షిణ ఇటలీలోని బసిలికాతా ప్రాంతానికి చెందిన ఒక ప్రాచీన పట్టణం. అదే పేరు గల జిల్లాకు ఇది ముఖ్యపట్టణం. గ్రావినా అనే వాగు సున్నపురాతి నేలను కోయగా ఏర్పడిన లోతైన గండి అంచున, సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఈ పట్టణం ఉన్నది. జనాభా సుమారు 60,000. గండి వైపు వాలులో రాతిని తొలిచి కట్టుకున్న పాత పేటలను సస్సి అంటారు. ఇటాలియన్ భాషలో ఈ మాటకు రాళ్ళు అని అర్థం. 20వ శతాబ్దం మధ్యలో జాతికే అవమానమని పేరుపడి ఖాళీ చేయబడిన ఈ పేటలు, 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి. ఈ రెండు పరిణామాలకు కారణం తెలిసినప్పుడే మతేరా సందర్శన సార్థకమవుతుంది.

భౌగోళికం

గ్రావినా వాగు బ్రదానో నదిలో కలుస్తుంది. గండికి ఒక వైపున పట్టణం, ఎదుటి వైపున ముర్జా అనే రాతి పీఠభూమి ఉన్నవి. ముర్జాలోని సహజ గుహలలో పాతరాతి యుగంనాటి మానవ నివాసపు ఆనవాళ్ళు, పీఠభూమిపై కొత్తరాతి యుగపు గ్రామాల జాడలు లభించినవి. వీటిలో అనేకం వెలికితీసినవాడు వైద్యుడు, పురావస్తు పరిశోధకుడు అయిన దొమేనికో రిదోలా. ఆయన పేరిట పట్టణంలో 1911లో ఏర్పడిన పురావస్తు ప్రదర్శనశాల కలదు.

ఇక్కడి రాయి మెత్తని సున్నపురాయి. చేతి పనిముట్లతోనే దీనిని తొలచవచ్చును. లోపల తొలిచిన రాతినే దిమ్మెలుగా కోసి, ఇంటి ముందు గోడలు కట్టేవారు. అందువలన బయటికి మామూలు ఇల్లువలె కనబడేది లోపల గుహగా ఉంటుంది. ఇళ్ళు అంతస్తులుగా ఉండుటచే క్రింది వరుస ఇంటి కప్పు పై వరుసవారికి బాట అవుతుంది. సస్సి పేటలు రెండు: సస్సో కవెయోజో, సస్సో బరిజానో. వాటి నడుమ ఎత్తైన సివిటా భాగంలో 13వ శతాబ్దంలో నిర్మించిన ప్రధాన దేవాలయం (కథీడ్రల్) ఉన్నది.

నీటి ఏర్పాటు

వాగు గండి అడుగున ప్రవహిస్తున్నందున ఆ నీరు పైనున్న ఇళ్ళకు అందేది కాదు. కాబట్టి ప్రజలు వాననీటిపై ఆధారపడినారు. కప్పులపై, వాలులపై పడిన వాన రాతి కాలువల ద్వారా నేలలో తొలిచిన తొట్లలోనికి చేరేది. నీరు ఇంకిపోకుండా కుండపెంకుల పొడి, సున్నం కలిపిన గారను తొట్ల గోడలకు పూసేవారు. కొన్ని ఇళ్ళు ఒకే ముంగిటి చుట్టూ ఉండి, అక్కడి తొట్టిని ఉమ్మడిగా వాడుకునేవి. ఈ ముంగిలిని విచినాతో అంటారు. నీరు తోడుకొనుట, పిల్లలను చూచుకొనుట, ఒకరికొకరు సాయపడుట అన్నీ ఇక్కడే జరిగేవి.

విత్తోరియో వెనెతో కూడలి క్రింద ఉన్న పాలొంబారో లుంగో ఇటువంటి జలాశయాలలో అతి పెద్దది. ఇందులో సుమారు 50 లక్షల లీటర్ల నీరు పట్టేది. వాడుక తప్పి మరుగున పడిన ఈ జలాశయం 1991లో మరల వెలుగులోనికి వచ్చినది.

క్షీణత, తరలింపు

మతేరా 1663 నుండి 1806 వరకు బసిలికాతాకు రాజధానిగా ఉన్నది. ఆ తరువాత రాజధాని పొతెంజాకు మారినది. జనం పెరిగేకొద్దీ చోటు చాలక, నీటి తొట్లను, పశువుల కొట్టములను సైతం ఇళ్ళుగా మార్చుకున్నారు. దానితో తరతరాలుగా పనిచేసిన నీటి ఏర్పాటు దెబ్బతిన్నది. గాలి, వెలుతురు చొరని ఒకే గదిలో కుటుంబమంతా గాడిదతో, కోళ్ళతో కలిసి జీవించవలసి వచ్చెను. మలేరియా, ట్రకోమా అనే కంటిజబ్బు ప్రబలినవి. శిశు మరణాలు అధికమైనవి. కనుక ఈ దుస్థితికి గుహలలో నివసించుట మాత్రమే కారణం కాదు. పేదరికం, కిక్కిరిసిన జనాభా అసలు కారణాలు.

ఫాసిస్టు ప్రభుత్వంచే ఈ ప్రాంతానికి ప్రవాసం పంపబడిన రచయిత కార్లో లెవీ, 1945లో ప్రచురించిన 'క్రీస్తు ఎబోలి వద్దనే ఆగిపోయాడు' అను గ్రంథంలో ఈ దైన్యాన్ని వర్ణించాడు. 1950లో ప్రధానమంత్రి అల్చీదే దె గాస్పెరి స్వయంగా వచ్చి చూశాడు. 1952లో చేసిన చట్టం ప్రకారం సుమారు 15,000 మందిని కొత్త పేటలకు తరలించారు. వారి కొరకు నిర్మించిన లా మార్తెల్లా గ్రామంలో ఇరుగుపొరుగుల పాత కలివిడితనాన్ని నిలుపుటకు వాస్తుశిల్పి లుదోవికో క్వారోని తదితరులు యత్నించారు. కొత్త ఇళ్ళలో ఆరోగ్యకరమైన వసతి దొరికినది. అయితే ఉమ్మడి ముంగిలి చుట్టూ అల్లుకున్న జీవితం చెదిరిపోయినది.

పునరుద్ధరణ

ఖాళీ ఇళ్ళలో అధికభాగం ప్రభుత్వ ఆస్తియై, చాలాకాలం పాడుబడి ఉన్నవి. 1986లో చేసిన మరొక చట్టం వాటి మరమ్మత్తుకు నిధులు కల్పించి, తిరిగి నివాసానికి దారి చూపినది. 2019లో బల్గేరియాలోని ప్లోవ్డివ్‌తో పాటు మతేరా ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఉన్నది. నేడు అనేక గుహ గృహాలు వసతి గృహాలుగా, భోజనశాలలుగా మారినవి. ఒకప్పుడు పేదల ఇళ్ళైన గదులలో ఇప్పుడు యాత్రికులు అద్దె చెల్లించి బస చేస్తున్నారు.

చూడదగినవి

*విచో సొలితారియోలోని గుహ గృహం: తరలింపునకు ముందటి సామానుతో అమర్చిన ఇల్లు. ఎత్తైన మంచం, మగ్గం, గాడిదను కట్టే చోటు ఒకే గదిలో ఉంటాయి. మొదట దీనిని చూచినచో మిగిలిన పట్టణం బాగా అర్థమవుతుంది.
*గుహాలయాలు: పట్టణంలోను, ముర్జాలోను కలిపి 150కి పైగా ఉన్నవి. మోంతెర్రోనే బండలో తొలిచిన సాంత మరియా దె ఇద్రిస్ వీటిలో ప్రసిద్ధమైనది.
*ఆదిపాపపు గుహాలయం: ఊరి వెలుపల ఉన్నది. 1963లో వెలుగుచూసిన ఇందులో మధ్యయుగపు తొలినాళ్ళ కుడ్యచిత్రాలు కలవు. ప్రవేశానికి ముందుగా అనుమతి తీసుకొనవలెను.
*ముర్జా తిమోనే: గండికి ఆవలి అంచు. సస్సి మొత్తం ఒక్క చూపులో కనబడే చోటు ఇదే. పట్టణం నుండి కాలిబాటన గండిలోనికి దిగి, వ్రేలాడు వంతెన దాటి ఇక్కడికి ఎక్కవచ్చును.

ప్రతి సంవత్సరం జూలై 2న మడోన్నా దెల్లా బ్రూనా ఉత్సవం జరుగుతుంది. కాగితపు గుజ్జుతో చేసిన రథాన్ని ఊరేగించి, చివరకు ప్రజలే దానిని విరిచి ముక్కలను ఇంటికి తీసుకొనిపోతారు.

ప్రయాణ సౌకర్యాలు

సమీప విమానాశ్రయం బారీలో ఉన్నది. బారీ నుండి మతేరాకు ప్రాంతీయ రైలు, బస్సులు నడుస్తాయి. సస్సిలో వాహనాల ప్రవేశంపై ఆంక్షలు కలవు. మెట్లు ఎక్కువ, రాళ్ళు అరిగి నున్నబడినవి. కాబట్టి జారని పాదరక్షలు అవసరం. వేసవి మధ్యాహ్నాలలో ఎండ తీవ్రంగా ఉంటుంది. గండిలోనికి దిగేవారు ఉదయమే బయలుదేరి, తగినంత మంచినీరు వెంట తీసుకొనుట మంచిది.