కొయ్యకాళ్ల పొగ – పొలంలో పనిచేసేవారి ఆరోగ్యం

పంజాబ్, హర్యానాలలో ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో వరి కొయ్యకాళ్లు కాలుస్తారని మీరు వినే ఉంటారు. ఆ పొగ ఢిల్లీకి చేరినప్పుడే వార్త అవుతుంది. కాని దానిని అందరికన్నా ముందు పీల్చేది పొలంలో నిప్పు పెట్టే రైతు, కూలీ.

రైతును తప్పుపట్టడం తేలిక. అతని ఇబ్బంది కూడా చూడండి. భూగర్భజలాన్ని కాపాడేందుకు పంజాబ్ 2009లో చేసిన చట్టంతో నాట్లు ఆలస్యమయ్యాయి. దాంతో కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య రెండు మూడు వారాలే మిగులుతాయి.

పొగలో కంటికి కనిపించే మసి కంటే కనిపించని రేణువులే ఎక్కువ హాని చేస్తాయి. 2.5 మైక్రోమీటర్లకు మించని రేణువు తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతే ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలి వాయుగోణుల దాకా పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుండి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. బరువు పనిలో అది 40 లీటర్లు దాటవచ్చు. పొగ కూడా ఆ మేరకే లోపలికి పోతుంది.

ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదా? చాలదు. తడిపి కట్టినా అది మసిని కొంత ఆపుతుందేగాని సన్నని రేణువులను ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరిన ఎన్-95 మాస్కు వాటిని చాలావరకు ఆపుతుంది. అయితే కార్బన్ మోనాక్సైడ్ వాయువును అదీ ఆపదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే గాలి వచ్చే వైపుకు, పొగ లేని చోటుకు వెళ్లండి.

ఆయాసం, పిల్లికూతలు, ఛాతీనొప్పి ఉంటే ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఎన్ని రోజులు పొగలో పనిచేశారో డాక్టరుకు మీరే చెప్పండి. చెప్పకపోతే మామూలు దగ్గు అనుకునే అవకాశం ఉంది.